పది నిమిషాలు ముందున్న గడియారం

నాకు కోపం ఎక్కువ. అందులోనూ తప్పు సమయం చూపించే గడియారం కనబడితే అసలు ఊరుకోలేను. బుచ్చిరెడ్డిపాలెంలో మా అమ్మావాళ్ళ ఇంట్లో గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందే ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టి మనసులో పది తీసేసుకుని, నెల్లూరు బస్సుకు ఎప్పటిలాగే ఆలస్యంగా బయల్దేరతారు. మరి ముందు పెట్టడం దేనికని అడిగితే, "ఉండనీలే, ముందుంటే నీకేం నొప్పి" అంటుంది అమ్మ. మా వైపు సగం ఇళ్ళ సంగతి ఇంతే. గడియారం వెనకబడితే ఇంటికి మంచిది కాదని, ముందుంటే జాగ్రత్త అని ఒక నమ్మకం. పుట్టింటికి పోయినప్పుడల్లా నేను కుర్చీ ఎక్కి దాన్ని దిద్దుతాను. నేను వీధి మలుపు తిరిగేలోపు మళ్ళీ ముందుకు జరుపుతారు.

సమయం దిద్దడమే నా జీవనం కూడా. నెల్లూరులో ముగ్గురం కలిసి ఒక చిన్న షాపు నడుపుతున్నాం. రొయ్యల గుంటలకు పెట్టెలు తయారుచేస్తాం. గుంట గట్టు మీద ఒక పెట్టె ఉంటుంది. నీళ్ళలో ప్రాణవాయువు ఎంత ఉందో అది చూస్తుంది, తగ్గితే ఏరేటర్ తిప్పుతుంది. ఏరేటర్ అంటే నీళ్ళ మీద తేలే మోటారు, దానికి రెక్కల చక్రాలు. ఆ రెక్కలు నీళ్ళను చిలికితే గాలి కలుస్తుంది, రొయ్య బతుకుతుంది.

ఇందులో గడియారం పనేమిటని చాలామంది అడుగుతారు. అల్లూరు అవతల సముద్రం వైపు మేం పెట్టెలు పెట్టిన చోట తొమ్మిది గుంటలున్నాయి. తొమ్మిది మోటార్లూ ఒక్కసారే లేస్తే లైను తట్టుకోదు, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి, మూడేసి సెకన్ల తేడాతో లేవాలి. అందుకని తొమ్మిది పెట్టెలకూ ఒకే సమయం తెలిసి ఉండాలి. ప్రతి పెట్టెలోనూ బియ్యపు గింజంత స్ఫటికం ఒకటి ఉంటుంది. అది కొట్టుకుంటూ ఉంటే పెట్టె సెకన్లు లెక్కపెట్టుకుంటుంది. ఎండకు ఒకటి ఉరుకుతుంది, ఇంకొకటి బద్ధకిస్తుంది. వాటిని వాటి మానాన వదిలేస్తే వారం తిరిగేసరికి దేని సమయం దానిదే.

అందుకే గుంటల పక్కనున్న షెడ్డులో ఒక పెద్ద పెట్టె పెట్టాం. మా షాపులో దాన్ని తల్లిపెట్టె అంటాం. దానికి అంకెలు కనబడే అద్దం, కింద బొత్తాలు ఉంటాయి. అది ప్రతి నిమిషమూ రేడియోలో తన సమయం చెబుతుంది. గుంటల మీది పెట్టెలు విని, తేడా ఎంతో చూసుకుని దిద్దుకుంటాయి. తొమ్మిదింటి మధ్య తేడా సెకనులో వెయ్యో వంతుకు తెచ్చాను. ఆ ప్రోగ్రాం రాయడానికి నాకు ఏడాది పట్టింది. కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. తల్లిపెట్టెకు సమయం చెప్పేది మాత్రం మనిషే. ఫోను చూసుకుని బొత్తాలు నొక్కి పెట్టాలి. ఆ ఒక్క పనీ మనిషికి వదిలిపెట్టడంలో తప్పేముందని అప్పట్లో అనుకున్నాను.

గుంటల దగ్గర నాకు బాగా తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకతను షెడ్డు చూసుకునేవాడు, స్విచ్చులన్నీ అతని చేతిలోనే. రెండో ఆయన నీళ్ళలో దిగి పనిచేసేవాడు. యాభై అయిదు దాటిన మనిషి, బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున జాలరి పాలెంలో పుట్టాడు, ముప్పై ఏళ్ళు చేపల వేటకు పోయాడు. పడవ పోయాక గుంటల్లో పనికొచ్చాడు. నీళ్ళలో చెయ్యి పెట్టి, "సరుకు ఇబ్బంది పడతా ఉండాది" అని రొయ్యల సంగతి చెప్పేవాడు. నా పెట్టె అదే మాటను అంకెల్లో చెప్పేది. ఇద్దరి మాటా చాలాసార్లు కలిసేది. కలిసినప్పుడు ఆయన నవ్వి, "నీ డబ్బాకు బాగానే నేర్పించినావు పాపా" అనేవాడు. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని.

రెక్కలకు నాచు చుట్టుకుంటూ ఉంటుంది. మోటారు ఆపి, నడుం లోతు నీళ్ళలో దిగి, చేత్తో తెంపాలి. మా పెట్టెలు రాకముందు వాళ్ళకొక పద్ధతి ఉండేది. నీళ్ళలో దిగే మనిషి తన చెప్పులు తెచ్చి షెడ్డులో స్విచ్చుల బోర్డు ముందు విడిచి పోతాడు. ఆ చెప్పులు అక్కడున్నంతసేపూ ఎవరూ స్విచ్చు తాకకూడదు. బయటికొచ్చిన మనిషి తన చెప్పులు తాను తొడుక్కున్నాకే మోటారు లేస్తుంది. గుంటల యజమానికి ఈ పద్ధతి నచ్చేది కాదు. ఒకసారి చెప్పులు మర్చిపోయి ఎవరో అన్నానికి పోతే మోటారు మధ్యాహ్నమంతా ఆగిపోయి, గుంటలో సరుకు సగం చచ్చి తేలిపోయిందట. అందుకని ఆయన నన్నడిగింది, ఆపిన మోటారు దానంతట అదే మళ్ళీ లేవాలని.

నేను అలాగే చేశాను. తల్లిపెట్టె మీద గుంట నంబరు నొక్కి, ఆపు బొత్తాం నొక్కితే, ఆ గుంట పెట్టెకు కబురు పోతుంది: ఇప్పటి నుంచి ఇరవై అయిదు నిమిషాల దాకా తిరగొద్దు. అయితే కబురులో ఇరవై అయిదు అని ఉండదు. ఫలానా గంట ఫలానా నిమిషం వరకు అని ఉంటుంది. రేడియో కబురు ఒక్కోసారి గాల్లో పోతుంది, మళ్ళీ మళ్ళీ పంపాలి. అలాంటప్పుడు ఎంతసేపు అని చెప్పడం కంటే ఎప్పటిదాకా అని చెప్పడమే మేలు. గడియారాలన్నీ ఒకటే అయినప్పుడు అందులో ప్రమాదం లేదు. పెట్టెలు బిగించిన రోజు, బోర్డు ముందున్న చెప్పులు చూసి, "ఇంకా వీటితో పనేముందన్నా, తీసేయండి" అన్నది కూడా నేనే. పెద్దాయన తీయలేదు. "అలవాటు పాపా, ఉండనీ" అన్నాడు.

ఆ మంగళవారం ఉదయం మామూలుగా చూసిపోదామని వెళ్ళాను. మూడు రోజులుగా ముసురు, ఎండ పొడ లేదు. ముసురులో నీళ్ళకు గాలి చాలదు, అందుకని పగలంతా మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. షెడ్డులోకి అడుగుపెట్టగానే తల్లిపెట్టె అద్దం కనబడింది. తొమ్మిదీ పది. నా ఫోనులో సరిగ్గా తొమ్మిది.

"ఇదేంది, ఎవరు మార్చినారు?" అన్నాను.

షెడ్డతను సిగ్గుపడ్డాడు. "నేనే మేడం. పోయిన వారం పెట్టినా. పది నిమిషాలు ముందుంటే మేత వేసేవాళ్ళు టయానికి వస్తారని. మా ఇంట్లో గూడా అంతే."

"మా ఇంట్లో కూడా అంతేలే" అని, అతణ్ణి కాసేపు ఆటపట్టించి, కాసేపు కసిరి, అక్కడికక్కడే బొత్తాలు నొక్కి తొమ్మిదికి దిద్దాను. పుట్టింట్లో కుర్చీ ఎక్కినప్పుడు కలిగే తృప్తే కలిగింది. టీ తాగి, వేరే గుంటలు చూడాలని బోగోలు వైపు వెళ్ళిపోయాను.

ఇక్కడ నేను రాసిన ఒక సూత్రం గురించి చెప్పాలి. గుంట మీది పెట్టె సమయంలో ముందుకు దూకుతుందే గాని, ఎప్పుడూ వెనక్కి పోదు. వెనక్కి పోతే అదే నిమిషం రెండుసార్లు వస్తుంది, ఒకే మోటారుకు రెండుసార్లు ఆజ్ఞ పడుతుంది, లెక్కలన్నీ చిక్కుపడతాయి. అందుకని తల్లి కంటే తాను ముందున్నానని తెలిస్తే, పెట్టె వెనక్కి దూకదు, నెమ్మదిగా నడుస్తుంది. నిమిషానికి ఒక సెకను చొప్పున తగ్గించుకుంటూ, తల్లి వచ్చి తనను కలుసుకునేదాకా అలా నడుస్తుంది. ఇది రెండు మూడు సెకన్ల తేడాల కోసం రాసింది. పది నిమిషాల తేడాను తగ్గించుకోవాలంటే దానికి పది గంటలు పడుతుంది. సూత్రం రాసిన మనిషిని నేనే. అది నాకు తెలుసు. ఆ ఉదయం మాత్రం తట్టలేదు. అద్దం మీది అంకె సరిపోయింది, నా కోపం చల్లారింది, అంతే.

పదకొండు గంటలకు పెద్దాయన తన చెప్పులు బోర్డు ముందు విడిచి నాలుగో గుంటలో దిగాడు. షెడ్డతను నాలుగు నొక్కి ఆపు నొక్కాడు. మోటారు ఆగింది. పదకొండు ఇరవై అయిదు దాకా తిరగొద్దని కబురు పోయింది. నాలుగో గుంట పెట్టెకు మాత్రం అప్పటికే పదకొండూ ఎనిమిది. దాని లెక్కలో ఇరవై అయిదుకు ఉన్నది పదిహేడు నిమిషాలే. ఆయన నాచు తెంపుతూ, కుడిచెయ్యి రెక్కల మధ్యకు పెట్టి ఉండగా మోటారు లేచింది.

తర్వాతిదంతా నేను విన్నదే. షెడ్డతను మెయిన్ లాగేశాడు. రెక్కల్లోంచి చెయ్యి విడిపించడానికి అరగంట పట్టింది. ఆ గందరగోళంలో ఎవరూ టైం చూసుకోలేదు. నెల్లూరు ఆసుపత్రిలో చెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు. నేను గుంటల దగ్గరికి చేరి లెక్కల ముందు కూర్చునేసరికి సాయంత్రం ఏడు దాటింది. అప్పటికి గడియారాలన్నీ కలిసిపోయాయి. తొమ్మిది పెట్టెలూ తల్లిపెట్టెతో సెకనులో వెయ్యో వంతు తేడా లేకుండా నడుస్తున్నాయి. ఆయన చెప్పులు ఇంకా బోర్డు ముందే ఉన్నాయి.

పెట్టెలు తమకు జరిగినవన్నీ రాసిపెట్టుకుంటాయి. తల్లిపెట్టె రాసింది: పదకొండుకు ఆపు పంపాను, పదకొండు ఇరవై అయిదు వరకు. నాలుగో పెట్టె రాసింది: పదకొండూ ఎనిమిదికి కబురు అందింది, పదకొండు ఇరవై అయిదుకు మోటారు లేచింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. రేడియో కబురు రెండు వందల గజాలు పోవడానికి ఎనిమిది నిమిషాలు పట్టదు. షెడ్డులో రేకుల కింద, ఆ కుర్చీలో, ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను.

మర్నాడు యజమాని ఫోను చేశాడు. "పోలీసులు అడుగుతా ఉండారు మేడం. ఎప్పుడు ఆపినారు, ఎప్పుడు లేచింది, ఆ రెండూ ఒక కాగితం మీద కొట్టిచ్చి పంపండి" అన్నాడు. ఆయన అడిగింది రెండే. నేను పట్టికలోంచి మూడోది తీసేశాను. కబురు అందిన సమయం ఉన్న ఆ వరుసను ఎంచి, తుడిచేసి, మిగిలింది అచ్చు కొట్టాను. కాగితంలో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. పదకొండుకు ఆపారు, ఇరవై అయిదుకు లేచింది. అంటే, చదివినవాళ్ళకు, ఇచ్చిన గడువు దాటి మనిషి నీళ్ళలో ఉన్నాడు.

నేనెందుకలా చేశానంటే భయపడ్డాను. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు. మా పెట్టెలు ఇంకో ఆరుచోట్ల ఉన్నాయి. ఈ సంగతి బయటపడితే షాపు మూతపడుతుంది, నాతో ఉన్న ఇద్దరూ రోడ్డున పడతారు అనుకున్నాను. వాళ్ళిద్దరి పేరు చెప్పుకుని నన్ను నేను కాపాడుకున్నాను.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానిస్తారని వెళ్ళాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను. మంచం పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. యజమాని కూడా వచ్చాడు, చేతిలో నా కాగితం.

"అంత సేపు కాలేదు సామీ" అంటున్నాడు ఆయన మంచం మీది నుంచి. "ఇంకా సగం గూడా తెంపలేదు నేను. ముప్పై ఏండ్లు నీళ్ళలో ఉండినోణ్ణి, ఎంతసేపయిందో నా ఒంటికి తెలీదా?"

యజమాని చెడ్డవాడేమీ కాదు. మెల్లగానే చదివి వినిపించాడు. పదకొండుకు ఆపింది, ఇరవై అయిదుకు లేచింది. చదివి, నా వైపు చూశాడు. "మేడం గూడా ఉండారు గదా. మిషన్ తప్పు చెబుతుందా మేడం?"

"చెప్పదు" అన్నాను.

మంచం మీద ఆయన పైకప్పు వైపు చూశాడు. "ముసురు గదా" అన్నాడు. "ఎండుంటే నీడ చూసుకునేవాణ్ణి. నేనే లేట్ చేసినట్టుండా." ఆయన భార్య ఆయన్ను చూసిన చూపులో జాలి కంటే కోపమే ఎక్కువ ఉంది. ఇంటికి రావలసిన మనిషి ఏమరుపాటుగా చెయ్యి పోగొట్టుకున్నాడనే కోపం. ఆ కోపం నా మీద పడవలసింది. నేను తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత ఒక వారం రోజులు పిచ్చిపట్టినట్టు తిరిగాను. ఈ గుంటలకూ, ఆ ఆరుచోట్లకూ పోయి ప్రతి పెట్టెలోనూ సూత్రం మార్చాను. తేడా అయిదు సెకన్లు దాటితే మోటారు లేవకుండా, మనిషి వచ్చి చూసేదాకా ఆగిపోయేలా రాశాను. ఎవరైనా అడిగితే మామూలు మార్పులే అన్నాను. మార్చడానికి పట్టింది ఒక్కో పెట్టెకు పది నిమిషాలు. ఈ పది నిమిషాల పని ముందే చేసి ఉంటే అనుకోని క్షణం లేదు. దొంగకు తేలు కుట్టినట్టుంది నా బతుకు. నొప్పికి అరవడానికి కూడా లేదు.

నాలుగో గుంట దగ్గరికి పోయిన రోజు షెడ్డతను వచ్చి పక్కన నిలబడ్డాడు. "మేడం, ఒక మాట. నేను పది నిమిషాలు ముందు పెట్టిన దానికీ దీనికీ ఏమన్నా ఉండాదా?" అన్నాడు. అతను నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. "ఆ పొద్దు మీరు దిద్దేసి పోయినారు గదా, అందుకని ఏం లేదులే అనుకుంటా ఉండా. కానీ మనసొప్పడం లేదు."

అప్పుడైనా చెప్పవలసింది. "ఏం లేదు" అన్నాను. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ వారంలో నేనాడిన అబద్ధం అదొక్కటే కాదు గాని, తలుచుకుంటే ఎక్కువ అసహ్యం వేసేది దాని మీదే. అతను అడిగింది నిజం కోసం కూడా కాదు. కాస్త నిద్ర కోసం.

పెద్దాయన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారని తెలిసింది. పాలెంలో ఆయన్ను గురించి ఏమనుకుంటున్నారో కూడా తెలిసింది. ముప్పై ఏళ్ళు సముద్రం మీద పోయి వచ్చినవాడు, నడుం లోతు గుంటలో టైం తెలియక చెయ్యి ఇచ్చుకున్నాడని. ఒకరిద్దరు తాగి దిగాడని కూడా అన్నారట. షెడ్డతను ఫోనులో చెబుతూ, "ఆయన జన్మలో తాగలేదు మేడం" అన్నాడు. ఫోను పెట్టేశాక మూడు వరుసలూ ఉన్న పూర్తి కాగితం అచ్చు కొట్టాను.

మర్నాడు పొద్దున ముందు యజమాని ఇంటికి పోయాను. కాగితం ముందు పెట్టి అంతా చెప్పాను. గడియారం ముందు పెట్టడం, నేను దిద్దడం, పెట్టెలు వెంటనే దిద్దుకోకపోవడం, కాగితంలోంచి నేను తీసేసిన వరుస. ఆయన రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. "ఇప్పుడెందుకు మేడం ఇదంతా" అన్నాడు. "పోలీసులు రాసుకుని పోయినారు. ఆయన గూడా ఒప్పుకున్నాడు. మీరు చెప్తే చెయ్యి మళ్ళీ వస్తాదా?" కాగితం తిరిగి నా వైపు జరిపాడు. స్టేషన్లో ఇచ్చేదాకా ఊరుకోనని చెప్పి లేచాను. ఆ కాగితం అక్కడా ఇచ్చాను, తీసుకున్నారు, చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

స్టేషన్ నుంచి నేరుగా పాలేనికి పోయాను. ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి కట్టుతో ఛాతీకి వేలాడుతోంది. భార్య గడప మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. నన్ను చూసి ఆయన లేవబోయాడు. "రా పాపా, కూర్చో" అని, గడప వైపు తిరిగి, "టైమెంతయిందే?" అని భార్యను అడిగాడు. ఆమె చెప్పింది. చెబుతూ నాతో అంది, "దినమంతా ఇదే అడగతా ఉండాడు. ఇంతకుముందు నేనడిగితే ఆయన చెప్పేవాడు."

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. స్ఫటికాలూ సూత్రాలూ ఏమీ చెప్పలేదు. నా పెట్టెలోని గడియారం ఎనిమిది నిమిషాలు ముందుందని, అది నా వల్లేనని, మోటారు పదకొండూ పదిహేడుకే లేచిందని, ఆయనకు ఇంకా ఎనిమిది నిమిషాలు మిగిలే ఉన్నాయని చెప్పాను.

ఆయన కట్టు కట్టిన చెయ్యి చూసుకున్నాడు.

"అయితే నేను లేట్ చెయ్యలేదు" అన్నాడు.

"లేదన్నా. నువ్వు చెప్పిందే నిజం."

"విన్నావటే?" అన్నాడు భార్యతో. ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. ముఖం కొంగుతో కప్పుకుంది. ఏడుస్తోందో ఏమో నాకు కనబడలేదు. నన్ను తిడుతుందేమోనని, తిడితే బాగుండునని చూశాను. తిట్టలేదు.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది పాపా?" అన్నాడు ఆయన.

అబద్ధం చెప్పడానికి వీలుంది. నిన్ననే తెలిసింది అనవచ్చు. అంటే ఆయన నమ్మేవాడు.

"ఆ సాయంత్రమే తెలిసిందన్నా" అన్నాను.

ఆయన ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో రోజులు, ఇంట్లో రోజులు, ఒక్కోటి పెదవులతో అనుకుంటూ. ఎడమచేత్తో అలవాటు లేక మధ్యలో తప్పిపోయి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. నాలుగు వేళ్ళ కణుపులూ అయిపోయాయి. బొటనవేలు మళ్ళీ చూపుడువేలి మొదటి కణుపు మీదికి వచ్చి ఆగింది.

"పదమూడు దినాలు" అన్నాడు.

నేను అప్పటికే లెక్కపెట్టుకుని ఉన్నాను. సరిగ్గా పదమూడే.